సెకండ్ డ్రైవర్ ఉందన్నందుకు పోయిన స్టీరింగు

ఇది రాయడానికి కారణం ఒక వీడియో. లారీ నడిపే ఫోన్ గేమ్ ఒకటి తయారుచేసిన కంపెనీ తన ప్రకటనలో ఇప్పటికీ మా అన్న ముఖాన్ని చూపిస్తోంది. అన్న రెండు చేతులూ జోడించి, నోరంతా తెరిచి నవ్వుతుంటాడు. కింద 'మా విజేత' అని రంగుల అక్షరాలు తిరుగుతుంటాయి. ఆ వీడియో చూసినవాళ్లు మా ఊరు కేజీఎఫ్ బజారులో మా వదినను ఆపి, బహుమతి ఎలా ఉంది, ఇంటికొచ్చి చూడొచ్చా అని అడుగుతున్నారు. మా ఇంటికి ఏ బహుమతీ రాలేదు. ఇచ్చామని లోకమంతా చూస్తుండగా ప్రకటించి, మర్నాడు లాక్కుని, లాక్కున్న సంగతి దాచిపెట్టి, ఆ నవ్వును మాత్రం వాడుకుంటున్నారు. నవ్వు వాళ్ల దగ్గరుంది కాబట్టి జరిగినదైనా నా దగ్గర ఉండాలి.

నేను బడిలో చదివింది పీయూసీ, అంటే ఇంటరు వరకే. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో జరిగింది. అక్కడ తెలుగు పుస్తకాల బీరువా ఒకటే. అది అయిపోయాక కన్నడం వైపు వెళ్లాను, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు వైపు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఆ కంపెనీ నిబంధనలను మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివిన మనిషి, ఆడేవాళ్లందరిలో బహుశా నేనొక్కదాన్నే.

అన్న ముళబాగిలు నుంచి లారీ నడిపేవాడు. మామిడి కాలంలో శ్రీనివాసపురం వైపు కాయ ఎత్తి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు, మిగతా కాలంలో ఏ లోడు దొరికితే ఆ లోడు. ఒకసారి రాయల్పాడులో మామిడి లోడు మీదికెక్కి తాడు బిగిస్తూ కింద పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. గాయం మానింది కానీ ఫిట్స్ మొదలయ్యాయి. ఎప్పుడు వస్తాయో తెలియదు. వచ్చినప్పుడు చేతిలో ఉన్న అన్నం ముద్ద ఎటు పోయిందో కూడా తెలియదు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. అన్న తలూపి వచ్చాడు, ముట్టుకోకుండా ఉండలేకపోయాడు. పాలవాడి ఆటో నిలబడి ఉంటే వెళ్లి కూర్చునేవాడు. రోడ్డు మీద లారీ హారన్ వినిపిస్తే చెప్పులు వెతికేవాడు. ఏదో ఒక రోజు ఎవరో పాత స్నేహితుడు జాలిపడి బండి చేతికిస్తాడు, హైవే మీద అన్నకు ఫిట్స్ వస్తాయి, అన్నతో పాటు ఎదురుగా వచ్చేవాళ్లూ పోతారు. వదినా నేనూ ఆ భయంతోనే లేచేవాళ్లం.

అటువంటి ఇంట్లోకి ఆ గేమ్ వచ్చింది. నేనే ఫోన్లో వేసి ఇచ్చాను. మొదట ఎగతాళి చేశాడు.

"ఏమ్మే, వేలితో లారీ తోలేదా? మీ ఫ్యాక్టరీలో బండ్లు కూడా ఇట్లనే చేస్తారా?"

రెండు రోజులకే వదినతో, "భోజనం ఇప్పుడొద్దు, లోడు దింపాల" అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్లి నోట్లో కొంగు పెట్టుకుని నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో విన్న నవ్వు అదే. అన్న హారన్ వైపు చెవి పెట్టడం తగ్గింది. ఆటోల దగ్గరికి వెళ్లడం మానేశాడు. అందుకే ఆ కంపెనీ మీద అప్పట్లో నాకు నిజంగా కృతజ్ఞత ఉండేది. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

తర్వాత కంపెనీ బహుమతి ప్రకటించింది. స్టీరింగు, గేరు రాడ్డు, కాళ్ల కింద పెడళ్లు ఉన్న సెట్టు. టీవీకి తగిలించుకుని గేమ్‌లో లారీ నడపొచ్చు. గేమ్‌లో ఎన్ని ట్రిప్పులు కొడితే డ్రాలో అన్ని చీట్లు. 'నిజమైన లారీ డ్రైవర్ జీవితం' అని దాని మీద నినాదం. అన్న ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఫోన్ తెర మీద ఆయన వేలు ఒకటి అంటితే రెండు మీటలు నొక్కుకుపోతాయి. అంత మొద్దు వేళ్లు.

"ఇది ఇంట్లో ఉంటే ఇంగ నేను యాడికీ పోనమ్మా" అన్నాడు.

మాకు కావలసింది కూడా ఆ ఒక్క మాటే.

నేను కోలారు దగ్గర నరసాపురంలో బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేస్తాను. లైను మీదికి ఫోన్ తీసుకుపోనివ్వరు, కానీ కంపెనీ బస్సులో పోను రాను బోలెడు సమయం. దూరపు లోడుకు ఏ యజమానీ ఒక్క డ్రైవర్‌ను పంపడు. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు సీటు వెనక పలక మీద పడుకుంటాడు. అన్నకు తెలిసిన లారీ అదే. కాబట్టి బహుమతి ప్రకటించిన రోజే, అడక్కుండానే, నన్ను సెకండ్ డ్రైవర్‌ను చేశాడు. ఖాతా ఆయనదే. ఆయన మాత్రలు వేసుకుని పడుకున్నప్పుడు నేను బస్సులో నా ఫోన్ నుంచి నడిపేదాన్ని. అప్పగించేటప్పుడు బండి పరిస్థితి చెప్పాలి, అది లారీవాళ్ల పద్ధతి. అన్న ఆ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. నేను బస్సెక్కగానే ఫోన్ చేసేవాడు.

"డీజిలు సగముండాది. బ్రేకు కొంచెం లేటుగా పట్టుకుంటా ఉండాది, ముందే తొక్కు. మన నంగలి మలుపు మాదిరి ఒకటి వస్తాది, ఆడ ఓవర్‌టేకు చెయ్యబాక. బండి నీది."

"సరేనన్నా. నువ్వు పడుకో."

పక్క సీటు అమ్మాయి మొదట్లో నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత తానే అడిగేది: "ఏమక్కా, యాడికి పోయింది మన లోడు?"

ఆదివారం సాయంత్రం డ్రా. లైవ్‌లో పెద్ద చక్రం తిప్పారు. అది మా ఖాతా దగ్గర ఆగింది. వదిన అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు ఫిట్స్ వచ్చాయనుకుని పరిగెత్తుకొచ్చారు. వెంటనే వీడియో కాల్. అటువైపు మెరిసే చొక్కా వేసుకున్న యాంకర్. మాటలు కన్నడంలో మొదలయ్యాయి కానీ సంతోషం పట్టలేక అన్న తెలుగులోకి వచ్చేశాడు. యాంకర్‌కు తెలుగు కూడా వచ్చు.

"ఇన్ని ట్రిప్పులు ఒక్కడివే ఎలా కొట్టావు బ్రో? అసలు నిద్రపోవా?"

అన్న చేతులు జోడించి నవ్వాడు. "ఒక్కడినే యాడ సార్? సెకండ్ డ్రైవర్ ఉండాది కదా. మా చెల్లెలు. నేను పడుకుంటే అది తోలతాది."

"సూపర్! ఫ్యామిలీ మొత్తం డ్రైవర్లే!" అని యాంకర్ చప్పట్లు కొట్టాడు. అడ్రసు తీసుకున్నారు. అన్న టీవీ ముందున్న కుర్చీని జరిపి, స్టీరింగు పెట్టడానికి బల్ల ఎంత ఎత్తుండాలో జానతో కొలిచాడు.

ప్రకటనలో ఇప్పుడు తిరుగుతున్న ముక్క ఇదే. నవ్వు దగ్గర కత్తిరించారు. తర్వాతి మాట వినిపించదు.

మర్నాడు సందేశం వచ్చింది. ఒకే ఖాతాను ఇద్దరు వాడారు, న్యాయమైన ఆటకు విరుద్ధం, బహుమతి రద్దు. గేమ్ తెరిస్తే అన్న ఖాతా పక్కన ఎర్ర గుర్తు, 'మోసం' అని. అన్న ఆ మాట మీద వేలు పెట్టి నాకు చూపించాడు.

"మోసమా? యాడ చేసినాను? నేనే చెప్పినాను కదమ్మా వాళ్లకి. దాచిపెట్టినానా?"

నిబంధనలు తెరిచి మళ్లీ మొదటి నుంచి చూశాను. ఇద్దరు నడపకూడదన్న మాట నేను చదివిన నిబంధనల్లో ఎక్కడా లేదు. ఎవరినైనా, ఎప్పుడైనా, కారణంతో పనిలేకుండా తీసేసే హక్కు కంపెనీది అన్న వాక్యం మాత్రం చివర్లో ఉంది. ఆ ఒక్క వాక్యం పెట్టుకున్నాక మిగతా పేజీలన్నీ ఎవరిని మభ్యపెట్టడానికి? లారీ డ్రైవర్ జీవితం అని అమ్ముకుంటారు. లారీ డ్రైవర్ తన జీవితంలో ఉన్నది ఉన్నట్టు చెబితే దొంగ అంటారు. ఒక్కడే నిద్ర మానుకుని నడిపానని అబద్ధం చెప్పి ఉంటే స్టీరింగు ఈపాటికి మా బల్ల మీద ఉండేది.

గ్రంథాలయంలో వినియోగదారుల హక్కుల పుస్తకం తీసి, నిఘంటువుతో కుస్తీ పట్టి, ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. ప్రతి వాక్యం రెండుసార్లు దిద్దాను. నిమిషంలో జవాబు వచ్చింది: 'హాయ్ ఛాంపియన్! నీ ఉత్సాహం మాకు నచ్చింది!' పక్కన నవ్వే పసుపు ముఖం. ఇంకోసారి రాశాను. మళ్లీ అదే ఛాంపియన్, అదే ముఖం. మనిషన్నవాడు ఒక్కడు కూడా నా ఉత్తరం చదవలేదు. మూడోసారి రాసినప్పుడు పరిహారం పంపారు. గేమ్‌లో లారీకి వేసుకునే బంతిపూల దండ! మా అన్న ఖాతాకు మోసగాడన్న గుర్తూ, దాని పక్కన పూలదండా. శవానికి వేసినట్టుంది అని వదిన అంది.

జరిగింది రాస్తే గేమ్ అభిమానుల గ్రూపులో మంట లేచింది. అక్కడ నాకంటే ముందే కాలినవాళ్లున్నారు. గెలిచిన టోపీ రానివాళ్లు, మూడు డ్రాలుగా ఒకే ముగ్గురు గెలవడం చూసినవాళ్లు. మా తరఫున ఒక లారీ క్లీనర్ గట్టిగా మాట్లాడాడు. ఎదురు మాట్లాడినవాళ్లూ ఉన్నారు.

"రూలంటే రూలు. ఆడోళ్ల చేతికి బండిస్తే ఇంతే."

"నీ రూలు నా లారీ కింద పెట్టి తొక్కుతా. అది యాడ రాసుండాదో చూపించప్పా ముందు" అని క్లీనర్.

"చూపించేకి ఆ రూలు చెప్పినాయప్పకి చదువొస్తే కదా!" అని ఇంకొకరు.

కంపెనీ వచ్చి ఆ చర్చనంతా తుడిచేసి, ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేసింది. స్టీరింగు సెట్టు ఇంకొకరికి పంపారు. గేమ్ గురించి వీడియోలు చేసే కుర్రాడు, వాళ్ల సొంత ప్రచారకుడు. పెట్టె కోస్తూ వీడియో పెట్టాడు. "ఇప్పటికే రెండున్నాయి, దీన్ని ఎక్కడ పెట్టాలో" అన్నాడు. నేను దాన్ని బస్సులో చూశాను. పక్కనున్న అమ్మాయి ఫోన్ లాక్కుని ఆపేసింది. ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. నేను ఇంటికి చేరేసరికే అన్న చూసేశాడు. బల్ల గోడ వారకు వెళ్లిపోయింది, కుర్చీ వాకిట్లోకి వచ్చింది. గేమ్ మళ్లీ తెరవలేదు. హారన్ వినపడితే తల తిప్పుతున్నాడు.

మూడో రోజు, మొదటి షిఫ్టు నుంచి దిగి ఫోన్ తీసుకోగానే వదిన కాల్.

"మీ అన్న యాడా లేడు. చెప్పులూ లేవు."

ఎక్కడున్నాడో నాకు తెలుసు. కోలారులో బస్సు మారి ముళబాగిలు బైపాసు దగ్గర దిగాను. లారీలు ఆగేచోట, ఒకప్పుడు అన్నతో కలిసి లారీ నడిపిన పాత జోడీదారు బండి నిలబడి ఉంది. లోడు వేసి టార్పాలిన్ పట్ట కప్పారు. అన్న స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ దాని మీదే. జోడీదారు కింద నిలబడి జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకున్నాడు. తాళం ఆ జేబులో ఉంది.

"దిగు బావా. పొద్దున్నుంచి అడుక్కుంటా ఉండాను."

"టోలు దాకా పోయి వస్తా. ఒక్క రౌండు. నేనేమన్నా దొంగనా, తాళం దాస్తా ఉండావు?"

"దొంగవని ఎవురన్నారప్పా?"

"దేశమంతా అన్నారు."

జోడీదారు నా వైపు చూశాడు. ఆ జేబులోంచి తాళం ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుందని ఆ చూపులో తెలిసింది. ఫిట్స్ గురించి చెబితే అన్న వినడు, వదిన ఏడుస్తోందంటే ఇంకా బిగుసుకుంటాడు. నేను డ్రైవర్ వైపు మెట్టెక్కి తలుపు పట్టుకున్నాను.

"అన్నా, నీ డ్యూటీ అయింది. బండి ఎట్లుండాదో చెప్పు."

అన్న నన్ను తినేసేలా చూశాడు. నాకు నిజం లారీ నడపడం రాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. బైపాసు మీద ఒక బస్సు పోయింది, ఇంకొకటి పోయింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కానీ డ్యూటీ దిగమని జోడీ అడిగాక చెప్పకుండా కూర్చోవడం ఆయన ఎన్నడూ చేసింది కాదు.

"ఎనక ఎడమ టైరు గాలి తక్కువుండాది" అన్నాడు చివరికి. "పట్ట కుడివైపు వదులుగా కట్టినారు, కట్టినోడికి బుద్ధిలేదు. చూసుకుని పో." చేతులు తీశాడు. "బండి నీది."

సీటు మీదుగా జరిగి అవతలి వైపు కూర్చున్నాడు. జోడీదారు వెళ్లి ముందు పట్ట తాడు బిగించాడు, టైరు చూశాడు, తర్వాతే ఎక్కి తాళం పెట్టాడు. ఆ రోజు చిత్తూరు దాకా అన్న ఎడమ సీట్లోనే వెళ్లాడు. ఇప్పుడు వీలైనప్పుడల్లా అలాగే వెళ్తున్నాడు. మలుపులు చెబుతాడు, తిడతాడు, ఎప్పుడైనా ఫిట్స్ వస్తే జోడీదారు బండి పక్కకు ఆపుకుంటాడు. భయం పోలేదు. తాళం మాత్రం సరైన జేబులో ఉంది. గేమ్‌ను నేను తీసేశాను. దండతో సహా.

సాయం చేసినవాళ్ల పేర్లు రాయాలని ఉంది. పేర్లు కంపెనీకి చేరితే వాటినీ ప్రకటనల్లో వాడుకుంటారని అన్న వద్దన్నాడు. కాబట్టి మనుషులను మాత్రం చెబుతాను, ఎవరికి వారికే తెలుస్తుంది. నా కృతజ్ఞత వీళ్లకు: పొద్దున్నుంచి తాళం జేబులో అదిమిపెట్టుకున్న జోడీదారుకు. తలుపులు మూసే వేళైనా నిఘంటువు నా ముందునుంచి తీయని గ్రంథాలయం ఉద్యోగికి. బస్సులో ఆ వీడియో ఆపేసిన అమ్మాయికి. బజారులో అడిగిన ప్రతివారికీ "రాలేదు, ఇవ్వలేదు" అని దాచకుండా చెబుతున్న వదినకు. చివరగా, ముఖమైనా చూడని ఆ క్లీనర్‌కు. కంపెనీ పెట్టే ప్రతి కొత్త ప్రకటన కిందా అతను ఒకటే రాస్తున్నాడు, తుడిచేసినా మళ్లీ రాస్తున్నాడు: "ఆయప్ప స్టీరింగు యాడ?"