షబానా రాసిన నాలుగు వరుసలు

మొన్న జనగామలో మా పాప బడికి వెళితే గోడపత్రిక దగ్గర మైదా జిగురు వాసన తగిలింది. రఘునాథపల్లిలో నా ఏడో తరగతి గుర్తుకొచ్చింది.

మా తరగతి గోడపత్రికకు, నాతో చదివే మా పక్కింటి షబానా ఉర్దూలో నాలుగు వరుసలు రాసింది. ఆ కాగితం అంటిస్తూ నా వైపు చూసి నవ్వింది. నాకు ఆ లిపి రాదు. నన్నే ఏదో తిట్టిందనుకుని సారుకు చెప్పాను.

సారుకూ ఉర్దూ రాదు. అయినా కాగితం చింపేశారు.

"ఏం రాసినవో ఎవరికి తెల్సు? మూడు రోజులు వరండాల నిలబడు."

"చదివి చెప్తా సార్, జర వినుండ్రి," అంది షబానా. ఆయన వినలేదు.

అంతకు వారం ముందే, పిల్లలు సారుకు పెట్టిన వెక్కిరింపు పేరును నేను గోడ మీద తెలుగులో రాశాను. అప్పుడు ఆయన నవ్వి, తుడిచేయమన్నారు.

నాలుగో రోజు షబానాను అడిగాను. "నా గురించేనా రాసినవ్?"

"నీ గురించే. నువ్వు పాడుతుంటె మా అమ్మి గూడ కిటికీ కాడికొచ్చి వింటదని రాసిన."

నేను నమ్మలేదు. సారు చింపిన రోజే ఏరి దాచుకున్న ముక్కలను, బస్టాండు దగ్గర ఉర్దూ తెలిసిన దర్జీ తాతతో చదివించాను. ఆమె చెప్పిందే ఉంది.

ఆ మాట సారుకు చెప్పాలని స్టాఫ్ రూము గుమ్మం దాకా పోయి, భయపడి తిరిగొచ్చాను. షబానా మళ్లీ గోడపత్రికకు ఏమీ రాయలేదు.