బోర్డు ముందు ఆవకాయ

ఇప్పటికీ ఆవకాయను నేను ఇంట్లో ఉండనివ్వను. ఎవరైనా ప్రేమగా తెచ్చి ఇస్తే, వాళ్లు గేటు దాటేదాకా ఆగి పారబోస్తాను.

మాది మణుగూరులో గని కార్మికుల కాలనీ. చివరి వరస క్వార్టర్, వెనక గోడ దాటితే అడవి. నాన్న ఇరవై ఏళ్లకు పైగా బొగ్గు గనిలో పనిచేశాడు. అక్కడ పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి, ఇక ఆ పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఉద్యోగం పిల్లలకు వస్తుంది. దాన్నే మేము అన్‌ఫిట్ అంటాం. బయటివాళ్లకు అది చెడ్డ మాట. మా కాలనీలో ఫలానా ఇంట్లో అన్‌ఫిట్ అయిందంటే పెళ్లి కుదిరినంత సంబరం.

నేను ఒక్కగానొక్క కూతురిని. డిగ్రీ అయి మూడేళ్లు దాటింది, పోటీ పరీక్షలు రాసీ రాసీ విసిగిపోయి ఉన్నాను. నాన్నకు బీపీ ఉంది గానీ రోజూ గోళీ వేసుకుని గుండ్రాయిలా తిరిగేవాడు. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజం నిజమే. ఆయన ఆరోగ్యంగా ఉండటమే ఆ రోజుల్లో మా ఇంటికొచ్చిన కష్టం.

పక్క క్వార్టర్ ఆయనను పెద్దనాయిన అని పిలిచేదాన్ని. తాను అన్‌ఫిట్ అయి కొడుకును డ్యూటీలో పెట్టించిన ఘనుడు. నాన్నకు బోర్డు తారీఖు వచ్చిందని తెలియగానే మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నెల రోజులు గోళీలు బంద్ పెట్టు తమ్మీ. ఆవకాయ, ఎండుచాపలు బాగ తిను. బోర్డుల మిషన్ కట్టంగనే బీపీ నెత్తికెక్కాలె."

"ఏమన్న అయితదేమో బావా," అంది అమ్మ.

"ఏమైతది? నేను గిట్లనే చేసిన. మంచిగ లేనా?" అని పొట్ట మీద చరుచుకున్నాడు.

నాన్న నా వైపు చూసి నవ్వాడు. "బిడ్డ కోసం గా మాత్రం తినలేనా ఏంది?"

గోళీల పట్టీ తీసి పోపుల డబ్బా వెనక పెట్టింది నేనే. పూటపూటకూ కంచంలో ఆవకాయ వేసిందీ నేనే. ఆయన ముద్ద ముద్దకూ నంజుకునేవాడు, ముక్కలు నమిలేవాడు, చివర్లో నూనె కూడా వేలితో నాకేవాడు. ఎండుచేపల కంపు దుప్పట్లకూ, తువ్వాలుకూ, నా జుట్టుకూ పట్టింది. పెదవులు పగిలాయి. తలకాయ దిమ్ముగా ఉందంటే "ఇంకెన్ని దినాలు, ఓర్సుకో" అనేది అమ్మ. మూడు రోజులకోసారి సందు చివరి ఆర్ఎంపీ దగ్గర బీపీ చూపించుకుని వచ్చి, వాకిట్లో నుంచే "పెరిగింది!" అని చెప్పేవాడు. మేమిద్దరం సంతోషపడేవాళ్లం. మనుషులమేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

బోర్డు ఇంకా పది రోజులుందనగా, ఉదయం ఫస్ట్ షిఫ్ట్‌కు బయలుదేరుతూ బూట్లు వేసుకుంటున్నాడు. లేసు ముడి పడటం లేదు. మళ్లీ మళ్లీ వేస్తున్నాడు, కుడి చెయ్యి జారిపోతోంది. తలెత్తి ఏదో అనబోయాడు. మూతి ఒక పక్కకు పోయింది.

"ఇప్పుడెందుకీ నాటకం, బోర్డు ముందర చేద్దువుగాని," అంది అమ్మ.

నేను నవ్వాను. చాలా బాగా చేస్తున్నాడనుకున్నాను. ఆయన కుర్చీలోంచి కింద పడేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఖమ్మం దవాఖానాలో డాక్టరు పక్షవాతం అన్నాడు. "గోళీలు ఎందుకు ఆపిండ్రు?" అని అడిగితే అమ్మ నా మొహం చూసింది, నేను గోడ చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అమ్మ ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పే మానేసింది. మూడో రోజు పెద్దనాయిన కొబ్బరిబొండాలతో వచ్చాడు. మంచం దగ్గర కాసేపు నిలబడి, గొంతు తగ్గించి, "పోనీ మరదలా, ఇగ బోర్డుల అడ్డం లేదు. పని అయినట్టే," అన్నాడు. వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. కానీ ఉమ్మితే నా మొహాన కూడా పడాలి. ఆ మాట విన్నప్పుడు, ఒక్క క్షణమే అయినా, నాకు హాయిగా అనిపించింది.

బోర్డు వాళ్లు ఆయన్ను పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడలేదు. చూడటానికి ఏముంది? ఆర్డరు నా పేర వచ్చిన రోజు అమ్మ వరస మొత్తానికీ మైసూర్‌పాక్ పంచింది. అందరూ తిన్నారు, వేళ్లు చీకారు, "అదృష్టవంతురాలివి బిడ్డా" అన్నారు. నేనూ తిన్నాను. రెండు తిన్నాను.

స్టోర్స్‌లో పని ఇచ్చారు. పని మంచిదే, తోటివాళ్లూ మంచివాళ్లే. మొదటి రోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చప్పటి పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. తల తిప్పుకున్నాడు. వంకరపోయిన మూతితో కూడబలుక్కుని, "ఆవకాయ... ఏసెయ్ బిడ్డా. బోర్డు... దగ్గరికొచ్చింది," అన్నాడు.

జబ్బు ఆయన కాలూ చెయ్యీతో పాటు, పడిపోయినప్పటి నుంచి గడిచిన రోజుల జ్ఞాపకాన్నీ తీసుకుపోయిందని మాకు అప్పుడే అర్థమైంది.

"బోర్డు అయిపోయింది నాయినా. నువ్వు అన్‌ఫిట్ అయినవ్. నాకు నౌకరి వచ్చింది," అన్నాను.

ఆయన సగం మొహం నవ్వింది. ఎడమ చెయ్యెత్తి నా తల మీద పెట్టి, "చెప్పలే? నాకేం కాలే," అన్నాడు.

రోజూ అడుగుతాడు. రోజూ డ్యూటీ నుంచి వచ్చి అదే చెప్తాను. రోజూ అంతే సంతోషపడి, నోరు తెరిచి, ఉప్పులేని ముద్ద తింటాడు.