పెదవులు కలవని సినిమాలు

ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల మీద పాల్వంచ ప్లాంటు కాలనీలో నాకున్నంత పట్టు ఇంకెవరికీ లేదు. మిషన్లు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజినీరొకడు నన్ను క్యాంటీన్లో ఎదురుగా కూర్చోబెట్టుకొని, తమ వాళ్లు గుర్రాల సినిమా ఎలా తీస్తారో పూస గుచ్చినట్టు చెప్పాడని అందరితో అనేవాణ్ణి. అతను నన్ను అడిగింది చేతులు కడుక్కునే చోటు ఎటని. అతను ఇటలీ వాడో కాదో కూడా నాకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటి, సీడీలు ఇంటింటికీ వచ్చిన రోజులవి. ఆదివారం పగటిపూట కాలనీ క్లబ్బులో కౌబాయ్ సినిమా వేసుకునేవాళ్లం. ఏ సినిమా వేయాలో వారానికొకరి వంతు. అందులోని ఇంగ్లీషు మాటలను తెలుగులో గట్టిగా చెప్పే పని మాత్రం ఎప్పుడూ నాదే. నా కుర్చీ టీవీ పక్కన. టీ మొదట నాకే వచ్చేది.

అమెరికా వాళ్ల హీరో గడ్డం గీసుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని, ఛాతీ మీద పోలీసు బిళ్లతో వస్తాడు. ఊరిని కాపాడతాడు. కాపాడుతూ నీతులు చెబుతాడు. ఇటలీ వాళ్ల హీరో స్నానం చేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ఊరు ఏమైపోయినా వాడికి పట్టదు, బంగారం దొరికితే చాలు. ముఖం మీద ఈగ వాలినా తోలుకోడు. తెర నిండా రెండు కళ్లు, వెనక సంగీతం, ఆ తర్వాత తుపాకీ. "అమెరికా వాళ్లది హరికథ, ఇటలీ వాళ్లది సినిమా" అని తేల్చేసేవాణ్ణి.

అసలు సంగతి వేరు. నాకు వచ్చిన ఇంగ్లీషు మిషన్ల మీద రాసి ఉండేంత. ఇటలీ సినిమాల్లో మాటలు తక్కువ. ఉన్నవి కూడా తర్వాత అతికించినవే కాబట్టి పెదవులు ఎలాగూ కలవవు, నేనేం చెప్పినా చెల్లేది. అమెరికా వాళ్లు వాకిట్లో నిలబడి తెగ మాట్లాడుకుంటారు. పెదవి కదిలినంతసేపూ నేను కల్పించాలి. అందుకే అవి నాకు చెడ్డ సినిమాలయ్యాయి.

బొగ్గు విభాగంలో నాతో షిఫ్టు చేసినవాడు ఒకడుండేవాడు, కల్లూరు దగ్గరివాడు, నాకన్నా కొంచెం చిన్న. నాకన్నా ముందే రిటైర్మెంటు తీసుకొని, క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి పోయే ముందు ఆదివారం సినిమా వంతు అతనికి వచ్చింది. సీడీని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు.

"అన్నా, గిది అమెరికాది. ఇండ్లు కట్టుకునేటోళ్ల కథ. ఆఖరికి వాడు అందరినీ ఇడిసిపెట్టి పోతడు. మనోళ్లతోని కూసొని సూడాలని ఉంది."

"ఏంది తమ్మీ," అన్నాను అందరూ వినేట్టు, "పోయేటోడివి, మాకు భజన పెట్టిచ్చి పోతవా? అందరికీ మెత్తలు గూడ తెచ్చినవా, పండుకోనీకి?"

గది గొల్లుమంది. అతనూ నవ్వాడు. తర్వాత నా కుర్చీ పక్కకు వంగి, నాకొక్కడికే వినబడేట్టు అన్నాడు:

"మాటలు చెప్పకున్నా సరే అన్నా. నువ్వు కల్పించి చెప్తవని మాకు ఎప్పటిసందో ఎరుకే. మంచిగ చెప్తవని ఊకున్నం. గీ ఒక్కటి ఉత్తగ సూద్దాం."

అప్పుడు నేను చేయాల్సింది కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవడం, అంతే. ఆ పని చేయకుండా సీడీని వెలుతురుకు ఎత్తి పట్టి, "దీని నిండా గీతలే, ఆడదు" అన్నాను. అద్దంలా మెరుస్తోంది అది.

అతను నా ముఖం చూశాడు. "అవ్, గీతలున్నయి," అని అందరికీ చెప్పి, సీడీని మళ్లీ రుమాల్లో చుట్టుకున్నాడు.

ఇటలీ సినిమా పెట్టాం. నా మాటలకు అందరికన్నా ముందు నవ్వింది అతనే.

కొన్నేళ్లకు, అతను తెచ్చిన ఆ అమెరికా సినిమాను తెలుగు చేసి టీవీలో వేశారు. ఒంటరిగా చూశాను. ఆఖర్న వాడు గుర్రమెక్కుతాడు. వాకిట్లో జనం నిలబడి చూస్తుంటారు. వాడు దుమ్ములో చుక్కయ్యేదాకా ఎవరూ నోరు విప్పరు. నేను కల్పించాల్సిన మాట ఒక్కటీ లేదు.

కల్లూరు ఒక పూట ప్రయాణం. అతను ఫోన్లో రమ్మంటాడు. మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేను అంటాను. అదే నోటితో, పొద్దున కిన్నెరసాని కట్ట దాకా నడిచి వచ్చానని గొప్ప కూడా చెబుతాను.

"అవ్ అన్నా, నొప్పులుంటయి," అంటాడు.