తల వంచి తాగిన నీళ్లు

రాజంపేటలో నేను ఇప్పుడు చూస్తున్న రోగి ఇంట్లో నీళ్ల బిందె వంటింటి గుమ్మం పక్కనే ఉంటుంది. మొన్న ఎండన పడి వెళ్లి, చెప్పులు విడిచి చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి గటగటమని చప్పుడు వినబడింది. ఎత్తి పట్టిన చెంబులోంచి ధార నేరుగా గొంతులోకి దిగే చప్పుడు. మా సీమలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు వింటేనే సగం దాహం తీరుతుంది. నాకు మాత్రం గుండె ఝల్లుమంటుంది. చేతులు తుడుచుకోకుండానే లోపలికి పరుగెత్తాను. తీరా చూస్తే తాగుతున్నది రోగి కాదు, వాళ్లమ్మ. తలకు దెబ్బ తగిలి మింగడం మరిచిపోయిన కుర్రవాడు మంచం మీదినుంచి ఆ చెంబుకేసే చూస్తున్నాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. "ఏమైంది సిస్టరమ్మా?" అని ఆ తల్లి కంగారుపడింది. ఏమీ లేదన్నాను. నాకు ఈ పని నేర్పిన సువార్తమ్మ ఆ రోజంతా మనసులో నా వెంటే తిరిగింది.

ఆమెను మీరు చూసి ఉండరు. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. గంజి పెట్టిన తెల్లచీర మడత నలగకుండా ఆటోలో ఎట్లా కూర్చునేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆసుపత్రి కొలువు ముగిశాక ఊరికే కూర్చోలేక, ఇళ్లకు వెళ్లి రోగులను చూసే పని పెట్టుకుంది. నేను నర్సు చదువు అప్పుడే పూర్తిచేసి, కర్నూలులో ఆమె దగ్గర పనికి చేరాను. మొదటిరోజు నా పేరు కూడా అడగలేదు. "గోర్లు చూపీ" అంది. చూపించాను. "ఈ గోర్లతో గోంగూర గిల్లుకోపో. మనిషిని ముట్టుకునేకి పనికిరావు" అంది. ఏడుపొచ్చింది. గోళ్లు కత్తిరించుకుని వస్తే అప్పుడు అడిగింది, "ఇంగ చెప్పు, నీ పేరేంది?" అని. షమీమ్ అన్నాను. ఆ పూటనుంచి నేను ఆమెకు షమీని, ఆమె నాకు అక్క. వయసుకు అమ్మమ్మలాంటిదే అయినా అట్లా పిలిస్తే ఊరుకునేది కాదు.

ఆమె పద్ధతులు కొన్ని విచిత్రంగా ఉండేవి. రోగిని ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నదీ చెప్పేది, రోగికి తెలివి ఉన్నా లేకపోయినా. "ఆసుపత్రిలో అయితే రోగి మనకాడికి వస్తాడు. ఈడ మనం వాళ్ల గడప దాటి పోతాండాం. నోరు కొంచెం దగ్గర పెట్టుకోవాల" అనేది. మరొక పద్ధతి ఏమిటంటే, నీళ్లు తాగలేని రోగి ఎదుట మనం నీళ్లు తాగకూడదు. ఎంత దాహమైనా సరే, బయటికి పోయి, సొంత సీసాలోంచి తాగి రావాలి. ఒకసారి నేను మరిచిపోయి రోగి పక్కనే సీసా మూత తీస్తే, ఆమె చూసిన చూపుకు ఆ నీళ్లు గొంతు దిగలేదు.

కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెకు మమ్మల్ని పిలిపించింది ఎండాకాలంలోనే. పెద్దరెడ్డికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. మింగితే అన్నమైనా నీళ్లైనా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని ముక్కులోంచి గొట్టం వేసి పంపారు. పాలూ జావా అన్నీ ఆ గొట్టంలోంచే. మింగడం మళ్లీ నేర్పమని డాక్టరు సువార్తమ్మకు అప్పజెప్పాడు. అందాకా నోటితో నీటిచుక్క కూడా పోయకూడదన్నాడు. ఈ సీమలో, ఆ ఎండల్లో! దారినపోయేవాడు అడిగినా చెంబుతో ఎదురొచ్చే ఇల్లు అది. ఆ ఇంటి పెద్ద తన మంచం మీద పడుకుని, "నీళ్లు... గుక్కెడు నీళ్లు" అని బతిమాలుతుంటే అందరం వింటూ కూర్చున్నాం.

సువార్తమ్మ తడిగుడ్డతో ఆయన పెదవులూ నాలుకా మాటిమాటికీ తుడిచేది. నా చేతిని తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని గుటక వేసింది. గొంతుముడి చటుక్కున పైకి లేచి దిగింది. "ఇప్పుడు రెడ్డి గొంతు చూడు" అంది. ఆయన గుటక వేస్తే నా వేళ్ల కింద ఆ ముడి తుప్పు పట్టిన గిలక మీద చేదలాగా కొంచెం లేచి, సగంలో ఆగి, జారిపోయింది. "అది పూర్తిగా లేస్తే ఊపిరి దావ మూసుకుని నీళ్లు కడుపులోకి పోతాయి. సగమే లేస్తే రొమ్ములోకి పోతాయి. మన పనంతా ఆ సగం కాడనే ఉండాది" అంది.

పెద్దరెడ్డి భార్య లచ్చుమమ్మ మంచి మనిషి. ఆ మంచితనంతోనే కొంప మునిగింది. ఒక మధ్యాహ్నం మేము అవతల గొట్టానికి జావ వడపోస్తుంటే, భర్త బతిమాలడం చూడలేక చెంబు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది. ఎంగిలి తగలకుండా చెంబు ఎత్తి పోయడం, తల పైకెత్తి నోరు తెరిచి తాగడం ఆ ఇంట్లో పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆమె ఎత్తింది, ఆయన తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడు. గటగట చప్పుడు మాకు వినబడింది. ఆ వెంటనే దగ్గు. మేము పరుగెత్తేసరికి లచ్చుమమ్మ ఆయన నడినెత్తి మీద తడుతూ, "పొలమారినాదిలే. ఎవురో తలుసుకుంటాండారు" అని నవ్వుతోంది పాపం. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. సువార్తమ్మ ఆయనను పక్కకు దొర్లించి, మేము వెంట తెచ్చుకున్న మిషను పెట్టి గొంతులోని నీళ్లు లాగింది.

ప్రాణం నిలిచింది కానీ జ్వరం పట్టుకుంది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయి, బాగా చిక్కిపోయిన మనిషిని మళ్లీ ఇంటికి తెచ్చారు. లచ్చుమమ్మ ఎవరి ముఖమూ చూడకుండా తిరుగుతుంటే సువార్తమ్మే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "దప్పికని అడిగినోళ్లకు నీళ్లు పొయ్యాలనే మనకు నేర్పినారు. పొయ్యగూడదని ఎవురు నేర్పినారు? దీంట్లో నీ తప్పేమీ ల్యాదు" అంది.

కోయిలకుంట్లలో విత్తనాల అంగడి నడిపే కొడుకు మాత్రం భయపడిపోయాడు. "ఇంగ ఈ మింగేది వద్దక్కా. కడుపుకే గొట్టం వేపిస్తాం. మా నాయన ప్రాణంతో ఉంటే సాలు" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. మంచం మీదినుంచి పెద్దరెడ్డి కష్టపడి ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "గొట్టం... పీకండి. నీళ్లు తాగి... సస్తా." చివరికి డాక్టరు ఒక అవకాశం ఇచ్చాడు. మనిషి కొంచెం తేరుకున్నాక, తల కిందికి వంచి, నోరు శుభ్రం చేసి, చెంచాడు చెంచాడుగా ప్రయత్నించమన్నాడు. మళ్లీ రొమ్ము పట్టిందంటే మాత్రం ఇక కడుపు గొట్టమే, ఈ జన్మకు నోటితో నీళ్లు లేవు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. గడ్డం రొమ్ముకు ఆనించి మింగాలి. చెంచా దగ్గరికి రాగానే ఆయన మెడ దానంతటదే పైకి లేచేది. చెప్తే వినేవాడు, సరే అనేవాడు, నీళ్లు కనబడగానే తల వెనక్కి పోయేది. ఇంతకాలం ధార కింద నోరు తెరిచిన మెడ అది. నేను విసిగిపోయి, "మెడకు తాడు కట్టి కిందికి లాగాలేమో అక్కా" అన్నాను. సువార్తమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం ఆమె పెరట్లో ఉన్న బావి దగ్గర, పక్కన కూలిన పాత గోడ దగ్గర చాలాసేపు నిలబడడం చూశాను. ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె ఒక్కసారీ అటు పోలేదని అప్పుడే గుర్తించాను.

మరునాడు చెంబూ గ్లాసూ చెంచా అన్నీ అవతల పెట్టించింది. పెద్దరెడ్డిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పడిపోయిన కుడిచేతిని ఎడమచేతి పక్కకు చేర్చి, కింద తన చేతులు ఆనించి దోసిలి పట్టించింది.

"ఏం... జేస్తాండావు?" అన్నాడాయన.

"మా అబ్బ నీళ్లు తాగినట్ల నిన్ను తాగమంటాండా." అబ్బ అంటే మా వైపు తాత.

"మీ అబ్బ... ఎవురు?"

"యేసేపు. మీ నాయన కాడ జీతముండె. మీ పెరట్లో బాయి తవ్వినోళ్లల్లో ఆయనొకడు. తవ్వినంక చేదను ముట్టనీలేదు. గోడవతల నిలబడి దోసిలి పడితే ఈతట్నుంచి మీవాళ్లు పోసెటోళ్లు. తలెత్తితే నీళ్లు మోచేతులకు కారిపోతాయి. అందుకని గడ్డం రొమ్ముకు ఆనించి తాగెటోడు. అట్ల తాగితే పొలమారదు. నీ గొంతుకు ఇప్పుడు ఆ దావే మంచిది."

మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేటప్పుడు ఉండే గొంతే, వేరే ఏమీ లేదు. అంతకాలం కలిసి తిరిగినా ఈ సంగతి నాకు తెలియదు. లచ్చుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దరెడ్డి చాలాసేపు తన దోసిలికేసి చూసుకున్నాడు. "కుంటి యేసేపు... నేనే పోస్తాంటి. సిన్నప్పుడు" అన్నాడు. మళ్లీ కొంతసేపటికి, "ఒకతూరి... ఆటకు... చెంబంతా ఒక్కసారే కుమ్మరిస్తి. అన్నీ నేలపాలాయె. ఆయప్ప... మళ్లా దోసిలి పట్టె. నేను... నవ్వితి" అన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

సువార్తమ్మ చేతులు కదలలేదు. దవడ మాత్రం ఒకసారి బిగిసింది, నేను చూశాను. "ఆ మాటలు ఇప్పుడొద్దు. మాట్లాడతా మింగితే పొలమారుతాది. తల వంచు రెడ్డీ" అంది.

ఆయన వంచాడు. నేను ఒక చెంచాడు నీళ్లు ఆ దోసిట్లో పోసి గొంతు మీద వేళ్లు పెట్టాను. పెదవులు నీటిని అందుకున్నాయి. నా వేళ్ల కింద గొంతుముడి లేచింది, లేచింది, పూర్తిగా లేచి దిగింది. దగ్గు రాలేదు. "ఆ అను" అంది సువార్తమ్మ. గొంతులో నీళ్లు నిలిచి ఉంటే ఆ పలుకు గరగరమంటుంది. "ఆ..." అన్నాడాయన, స్పష్టంగా. లచ్చుమమ్మ భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి?

వానలు పడేనాటికి గొట్టం తీసేశారు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని తల వంచి తనే తాగేవాడు. మేము వచ్చేసే రోజు ఆయన బావినీళ్లు తెప్పించి, ఆ గ్లాసు స్వయంగా సువార్తమ్మకేసి చాపాడు. "తాగు సువార్తమ్మా. మీ అబ్బ తవ్విన బాయి" అన్నాడు. ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తున్నారు. "ఇప్పుడు దప్పిక ల్యాదు రెడ్డీ" అంది ఆమె మెల్లగా. గ్లాసు అందుకుని పక్కన పెట్టి, ఆయన వీపు వెనక దిండు సర్ది, లచ్చుమమ్మకు చెప్పాల్సిన జాగ్రత్తలు మరొకసారి చెప్పి, సంచి భుజాన వేసుకుంది. ఆటో ఊరు దాటాక తన సీసా తీసి తాగింది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఆ ఇంట్లో నీళ్లు ముట్టకపోవడానికి రోగి ఎదుట తాగకూడదన్న పద్ధతి ఒక్కటే కారణం కాదని.

నాకు ఒళ్లు మండింది. "ఒక గుక్క తాగుంటే ఏం పోతుండె అక్కా? పెద్దాయన మొగం చూళ్లేకపోయినా" అన్నాను.

"నాకు దప్పికైతే నేను తాగుతా. ఆయన దప్పిక తీరేకి నేను తాగల్లనా?" అంది. "గొంతు బాగుచెయ్యమని పిలిచినారు, చేసినా. ఒంట్లో ఉండే శక్తంతా పెట్టి చేసినా. మిగిలింది నా ఇష్టం షమీ." కోయిలకుంట్ల వచ్చేదాకా నేను ముఖం ముడుచుకునే కూర్చున్నాను. ఆమె పట్టించుకోలేదు.

తర్వాత కొన్నేళ్లకు, మళ్లీ ఎండాకాలంలోనే, పెద్దరెడ్డి గుండె ఆగి పోయాడు. కబురందితే ఇద్దరం వెళ్లాం. చివరిదాకా తల వంచే తాగాడని, ఒక్కసారీ పొలమారలేదని లచ్చుమమ్మ సువార్తమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. మా వైపు చావింట్లో ఎవరూ పచ్చినీళ్లు ముట్టరు. వచ్చినవాళ్లంతా నాలుక పిడచగట్టుకుపోతున్నా పందిరి కింద అట్లాగే కూర్చున్నారు. అప్పుడు సువార్తమ్మ అందరికీ వినబడేటట్టు అంది, "దప్పికైతాంది లచ్చుమమ్మా. ఇన్ని నీళ్లిప్పియ్యి."

తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో ముసలామె "ఇదేం చోద్యమే!" అంది. లచ్చుమమ్మ సువార్తమ్మ ముఖంలోకి కొంతసేపు చూసింది. తర్వాత కొడుకుతో, "బాయి కాడికి పోయి చేదుకోనిరాపో" అంది. అతను చెంబు నిండా తెచ్చి రెండు చేతులతో అందించాడు. సువార్తమ్మ లేచి నిలబడింది. అందరికీ తల వంచి తాగడం నేర్పిన మనిషి, పెద్దరెడ్డి శవానికి ఎదురుగా, చెంబు ఎత్తిపట్టుకుని తల పైకెత్తి గటగటమని తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు. చెంబు తిరిగి ఇచ్చి, మూతి తుడుచుకుని, లచ్చుమమ్మ పక్కనే మళ్లీ కూర్చుంది. దారిలో ఆమే అంది, "దప్పికైంది, తాగినా. నా గొంతు బాగనే ఉండాది గదా."

సువార్తమ్మ ఇప్పుడు లేదు. నేను ఏ ఇంటికి వెళ్లినా, ఈ మనిషి ఎట్లా నీళ్లు తాగేవాడు అనే మొదట అడుగుతాను. జబ్బు సంగతి తర్వాత. వంచే తల గొంతు కోసమే వంచాలి, ఇంకెవరి కోసమూ కాదని ఆమె దగ్గర నేర్చుకున్నాను. రాజంపేట కుర్రవాడు మొన్న మొదటి చెంచాడు మింగాడు. "ఆ" అన్నాడు, స్పష్టంగా. వాళ్లమ్మ సంతోషం పట్టలేక నాకు చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. దాహంగానే ఉంది. వాడికి కనబడకుండా వాకిట్లోకి వెళ్లి, చెంబు ఎత్తి, గటగటమని తాగాను.