సూడి చేపలు

మా అత్త వట్టిచేపలు అమ్ముతుందని చెప్పుకోవడానికి పెళ్లయిన కొత్తలో నాకు నామోషీగా ఉండేది. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అయినా దాచడమెందుకు? జమ్మలమడుగు సంతలో కూరగాయల వరస దాటాక గోనెపట్ట పరుచుకుని కూర్చునేది. నెత్తళ్లు ఒక కుప్ప, సావిడాయిలు ఒక కుప్ప, గంపలో ఎండు రొయ్యలు. ఇంకో రోజు వేంపల్లె సంత. ఇంటికొచ్చేసరికి ఆమె కొంగూ చేతులే కాదు, బస్సు టికెట్టు కూడా చేపల వాసన కొట్టేది.

"అత్తా, నువ్వు వీధి మలుపులో ఉండంగానే మాకు తెలిసిపోతాది" అని ఏడిపించేదాన్ని.

"తెలియనీలేమ్మే. అన్నం పెట్టే వాసన" అని నవ్వేది.

అంతకుముందు ఆమెకు గొర్రెలుండేవి. మామ పోయాక, మేపుకునే బీళ్లు కూడా తగ్గిపోయాక, మందను అమ్మేశారు. ఆ తర్వాత మూడు రోజులు ఆమె అన్నం ముట్టలేదట. కొడుకు సంపాదన మీద పడి తినడం ఆమెకు గిట్టదు. సంతలో ఆ నాలుగడుగుల చోటు తప్ప ఆమెకు తనదంటూ ఇంకేమీ లేదు.

సరుకు నెల్లూరు వైపు రేవు నుంచి లారీలో వచ్చేది. సముద్రాన్ని ఆమె చూడలేదు, అప్పటికి నేనూ చూడలేదు. చూడకపోయినా దాని గురించి ఆమెకు గట్టి నమ్మకాలుండేవి. మందలో కాపరి ఏరినట్టే చేపలు పట్టేవాళ్లు కూడా ఏరి పట్టుకుంటారనీ, పిల్లల్నీ కడుపుతో ఉన్నవాటినీ వదిలేస్తారనీ అనుకునేది. గొర్రెల కాపరుల ఇళ్లల్లో ఎంత కష్టమొచ్చినా సూడి గొర్రెను, అంటే కడుపుతో ఉన్నదాన్ని, కసాయికి అమ్మరు. మామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కసాయి వచ్చి బలిసిన గొర్రెను అడిగితే, పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, "ఇది ఇయ్యను, పో" అని పంపేసిందట. అలాంటి మనిషికి సముద్రంలో ఇంకో పద్ధతి ఉంటుందని తోచకపోవడంలో వింతేముంది?

నాలుగైదేళ్ల నుంచి సరుకు చెడిపోతూ వచ్చింది. నెత్తళ్ల సంచి విప్పితే సగం ఇసుక, గుల్లల ముక్కలు, గోరంత చేపపిల్లలు. చాటలో పోసి చెరిగితే కింద పొడి మిగిలేది. ఆ పొడి నేను సంతోషంగా తీసుకునేదాన్ని. ఇంటి వెనక రేకుల షెడ్డులో కోళ్లు పెంచుతున్నాను, గుడ్లు ప్రొద్దుటూరులో ఒక దుకాణానికి వేస్తాను. ఆ పొడి చల్లితే కోళ్లు ఎగబడి తినేవి. ఒక్క గింజ కూడా దండగ పోనివ్వనని మా ఆయన దగ్గర గొప్పలు పోయేదాన్ని.

ఒక రోజు అత్త వాకిట్లో కూర్చుని చేపలు ఏరుతూ ఉన్నట్టుండి నన్ను పిలిచింది. చేతిలో ఎండిన కానాగంత చేప ఉంది. పొట్ట చీలి, లోపల పసుపు పచ్చగా, గట్టిపడిన గుడ్ల తిత్తి కనపడుతోంది. ఇంకొకటి చీల్చింది. అందులోనూ గుడ్లే.

"సూడివి, అమ్మే" అంది. ఆమె గొంతులో భయం విని నాకు నవ్వొచ్చింది.

"చేపలు గుడ్లు పెట్టక పిల్లల్ని ఈనుతాయా అత్తా?"

"నవ్వులాట కాదు. వాళ్లకు తెలిసినట్టు ల్యా. నేను పోయి చెప్పొస్తా. అట్నే సరుకు నేనే చేత్తో పట్టి చూసి ఏరుకుంటా."

సముద్రానికి బుద్ధి చెప్పడానికి బయలుదేరిన మనిషిని నేను మొదటిసారి చూశాను. వారం రోజులు వేళాకోళం చేశాను గానీ, ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ వెంట వెళ్లాను.

రేవుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సముద్రాన్ని చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అత్త దాని వైపు ఒక్కసారి చూసి, నేరుగా మర పడవల దగ్గరికి నడిచింది. ఒక పడవ నుంచి సరుకు దించుతున్నారు. పెద్ద చేపల్ని మంచు పెట్టెల్లోకి ఏరుకున్నాక మిగిలినదాన్ని పారతో సిమెంటు నేల మీదికి తోసేస్తున్నారు. అది నా నడుం ఎత్తు కుప్ప. వేలెడు పొడవు లేని చేపలు, పొట్ట కింద నారింజ రంగు గుడ్ల గుత్తులున్న పీతలు, చితికిన గవ్వలు, ఐదు కాళ్ల నక్షత్రాల్లాంటి జీవులు, వేళ్లతో సహా పెరికిన సముద్రపు గడ్డి, బురద. మధ్యలో నూనె ప్యాకెట్లు, ఒక రబ్బరు చెప్పు. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

అత్త కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఒక పీతను ఎత్తి చూసింది. పక్కనే చిన్న నాటుపడవ మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని అడిగింది.

"అప్పా, ఈ పిల్లల్ని, ఈ సూడివాటిని ఎందుకు పట్టినారు? మళ్లా ఏడాదికి ఏముంటాది మీకు?"

ఆయన ఎగతాళి చేస్తాడేమోనని నేను బిగుసుకుపోయాను. ఆయన మాత్రం దారం పక్కన పెట్టాడు.

"వలకేం తెలుసక్కా? పెద్ద పడవలు వలకు ఇనపగొలుసు కట్టి, రెండు బరువైన చెక్కలు కట్టి, అడుగంతా ఈడ్చుకుంటా పోతాయి. ఏది దొరికితే అది లోపల పడద్ది. నా చిన్నప్పుడు ఆ అడుగున రాళ్లుండేయి, గడ్డి ఉండేది. చేపలు అక్కడే గుడ్లు పెట్టేయి. ఇప్పుడు ట్రాక్టరుతో దున్నినట్టు అంతా చదునైపోయింది."

"ఆపమని చెప్పేవాళ్లే లేరా?"

"ఎండాకాలంలో రెండు నెలలు వేట ఆపుతారు. మిగతా రోజులు ఎవరాపుతారు? ఆ పడవోళ్లకూ బిడ్డలుండారు, డీజిలు పోసుకోవాల. చేప దూరం పోయింది, అందుకని ఇంకా లోతుకి ఈడుస్తా పోతారు." చెప్పును చూపించి, "పెన్నకు నీళ్లొచ్చినప్పుడు పై ఊళ్ల చెత్తంతా ఇక్కడికే వస్తాదక్కా" అన్నాడు.

"ఆ ఏరు మా ఊరి పక్కన్నే పోతాదప్పా" అంది అత్త, తనే తప్పు చేసినట్టు.

ఈ కుప్పను ఏం చేస్తారని నేను అడిగాను. కొంత ఎండబెట్టి మీలాంటోళ్లకు పంపుతారు, మిగిలింది కోళ్ల దాణా మిల్లుకు పోతాదన్నాడు. ఆ రెండో మాట విన్నాను. విననట్టు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు మొహం పెట్టుకుని ఏడ్చింది. మామ పోయినప్పుడు ఎలా ఏడ్చిందో నేను చూడలేదు. ఇది మాత్రం పక్కనే కూర్చుని చూశాను. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ముక్కూ మొహం తెలియని చేపల కోసం ఈ వయసులో ఇంత కష్టపెట్టుకోవడమేంటని.

మరుసటి వారం లారీ వచ్చినప్పుడు సరుకు వద్దంది. రేవులో ఆ ముసలాయన దగ్గర తీసుకున్న ఫోను నంబరుకు చేశాను. ఆయన గాలంతో, పెద్ద కళ్ల వలతో పట్టినవి ఎండబెట్టి, వీలైనప్పుడు బస్సు పార్సిల్లో పంపుతానన్నాడు. వీలైనప్పుడు అంటే నెలకు ఒకసారి, ఒక్కో నెల అదీ లేదు. సరుకు లేని వారాల్లో అత్త ఉత్త గోనెపట్ట పరుచుకుని కూర్చునేది, చోటు పోతుందని. ఇంతలో పక్కన ఇంకొకామె గోరంత చేపలు పోసుకుని కూర్చుంది. జనం అటు తిరిగారు.

నేను ఊరుకోలేక పోట్లాడాను. "మనమొక్కరం మానుకుంటే సముద్రం నిండిపోతాదా అత్తా? నీ చోటే పోతాది గానీ!"

"నిండదు" అంది. "నా చేత్తో నేను అమ్మలేను, అంతే."

అయినా నా నోరు ఊరుకోలేదు. మొండిదానివన్నాను, గొర్రెలతో తిరిగి గొర్రె బుద్ధే వచ్చిందన్నాను. ఆమె పట్టించుకోలేదు. రెండు నెలలకు ఆ నాలుగడుగుల చోటు పక్కామె గంపల కిందికి పోయింది.

పనిలేక ఇంట్లో కూర్చోవడం అత్తకు చేతకాదు. ఒక పొద్దున కోళ్లకు మేత తనే వేస్తానని షెడ్డులోకి వచ్చింది. వాకిట్లో పొడి రావడం ఆగిపోయాక నేను ప్రొద్దుటూరు నుంచి దాణా బస్తాలు తెప్పిస్తున్నాను. ఆమె బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇరవై ఏళ్లు చేపలమ్మిన ముక్కు అది.

"ఇది యాడిదమ్మే?"

"ప్రొద్దుటూరిది అత్తా. దాణా."

"ప్రొద్దుటూరిది కాదు. ఇది ఆ కుప్పే."

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. చేప పొడి కలపకపోతే కోళ్లు సరిగ్గా గుడ్లు పెట్టవని చెప్పాను. నా మాట నాకే పిరికిగా వినిపించింది.

ఆమె కోళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"నీ కోళ్లు గుడ్లు పెట్టాలంటే ఆ చేపల గుడ్లు కావాల్నా?"

ఆ గుప్పెడు మళ్లీ బస్తాలోనే వేసి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

చేప పొడి లేని దాణా తెచ్చి ఒక నెల చూశాను. గుడ్లు తగ్గాయి, దుకాణం వాళ్లు వేరేవాళ్లను వెతుక్కుంటామన్నారు. మళ్లీ పాత బస్తాకే పోయాను. అత్తకు తెలుసు. మా ఇంట్లో గుడ్డు కూర వండిన రోజు పిల్లలకు పెడతాను, మా ఆయనకు పెడతాను, నేనూ తింటాను. అత్త పళ్లెంలో మాత్రం ఏమీ అడక్కుండా పప్పు వేస్తాను.