ఫోన్లన్నీ టబ్బులో, నేను లైవ్‌లో

రాయచూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకు మేనేజరుగా చేరిన రెండో నెలలో, నా పరువును నేనే తీసి జిల్లా అంతటికీ పంచిపెట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మా ఆఫీసులో అయిదుగురు పనిచేసేవారు. కౌంటరు ముందు రైతు నిలబడి పదిసార్లు దగ్గినా ఒక్కరూ ఫోన్‌లోంచి తల ఎత్తేవారు కాదు. చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. ఒక సోమవారం పొద్దున పెద్ద ప్లాస్టిక్ టబ్బు తెచ్చి బల్లమీద పెట్టాను.

"అందరి ఫోన్లు గిండ్ల వెయ్యండి. సాయంత్రం తీస్కపోండి."

"ఇంట్లకెళ్లి ఫోనొస్తే ఎట్ల సార్?" అన్నాడు స్టోరు చూసే బసవరాజు.

"మీ తాతకు ఎవరు చేసిన్రు ఫోను? బతకలేదా ఆయన?"

సోషల్ మీడియాలో కంపెనీ పేజీ నడిపే రెహానా నసిగింది. "మరి పేజీ సార్? రైతులు ఏమన్న అడిగితే నేనే గద జవాబిచ్చేది."

"పాస్‌వర్డ్ నాకియ్యమ్మా. ఇయ్యాల్టి నుంచి నేనే చూస్తా."

"మీకు అలవాటు లేదు సార్."

"దాన్లేముంది, బ్రహ్మవిద్యనా?"

ఆఫీసు పరీక్ష హాలులా నిశ్శబ్దమైంది. ఈ వైభవాన్ని శక్తినగర్‌లో ఉండే మా యజమాని మల్లన్నగారికి వీడియో తీసి పంపాలనుకున్నాను. పేజీలోంచే పంపొచ్చనుకుని దాన్ని తెరిచి, కెమెరా బొమ్మ నొక్కి, ఫోను మోగకుండా చేసి, నీళ్ల సీసాకు ఆనించాను. అది వీడియో కాదు, లైవ్. ఆ సంగతి పేజీ చూసే రైతులందరికీ తెలిసింది, నాకు తప్ప.

తర్వాత ఫోను సంగతే మరిచిపోయాను. చిన్న అద్దం తీసి మీసంలో తెల్లవెంట్రుకలు పీక్కుంటూ బసవరాజుతో అన్నాను. "చూసినవా, ఆఫీసంటే గిట్ల ఉండాలె. మన ఓనరుకు ఇన్నేండ్లు చాతకాలె. పాపం, ఆయనకు పత్తి గింజకు, పుచ్చ గింజకు ఫరక్ తెల్వదు."

కాసేపటికి గిల్లేసూగూరు రైతు ఒకాయన ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు.

"సారూ, మీరు దీంట్ల కనబడుతున్నరు. బస్సుల చూసుకుంటనే వచ్చిన."

నాకు ఒళ్లు మండింది. "పెద్దాయనా, మా వాళ్లకే చెప్పి సాలైంది, ఇంక మీరు గూడనా?" అని, తెర వైపు చూడకుండానే ఆయన ఫోను కూడా లాక్కుని టబ్బులో వేశాను. నన్ను కాపాడటానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి టబ్బు వైపు చూస్తూ బెంచీమీద కూర్చున్నాడు.

ఇంతలో జీపు ఆగింది. మల్లన్నగారు రొప్పుతూ దిగారు.

"ఏందయ్యా, గంటసేపట్నుంచి అందరికి ఫోన్ చేస్తున్న. ఒక్కడెత్తడు."

"ఫోన్లు టబ్బుల ఉన్నయి సార్," అన్నాను గర్వంగా.

"మంచిది. గిప్పుడు పత్తి గింజ ఏదో, పుచ్చ గింజ ఏదో నాకు జర చూపియ్."

గిల్లేసూగూరు పెద్దాయన ఏం చెప్పబోయాడో అప్పుడు వెలిగింది. ఎంత సిగ్గు పడాలో కూడా తెలియలేదు.

"తప్పైంది సార్, కాళ్లు మొక్కుత. ఉద్యోగం తియ్యకండి. నా పెండ్లాంకు తెలిస్తే నన్ను బతకనియ్యదు. ఆమె నోటికి నేనే కాదు, మా గల్లీ మొత్తం భయపడ్తది."

ఆయన నన్ను చూడటం లేదు, నా వెనక నీళ్ల సీసాను చూస్తున్నారు.

"ఉద్యోగం సంగతి తర్వాత. ముందు దాన్ని బంద్ చెయ్. మీ ఆమె గూడ చూస్తున్నది. కింద రాసింది."

"ఏం రాసింది సార్?"

"ఇంటికి రా, అని."

రెహానా వచ్చి ఒక్క వేలితో లైవ్ ఆపింది. ఉద్యోగం నిలిచింది, పాస్‌వర్డ్ మాత్రం పోయింది. ఇంట్లో ఏం జరిగిందో రాయను. ఆరోజే తూర్పు తిరిగి ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ ఎవరి ఫోనూ లాక్కోను. తప్పనిసరై లాక్కుంటే, ముందు నాదే లాక్కుంటాను.