మందుల సేటు లాగిన కేబుల్

ఒకప్పుడు సికింద్రాబాద్‌లో జ్వరం వచ్చినవాడికి వేళకి మాత్ర అందిందంటే అది నా చలవే. బొల్లారం నుంచి యాప్రాల్ దాకా ఏ మందుల షాపులోనూ సరుకు ఆగకుండా ఒంటిచేత్తో నడిపించాను. డాక్టర్లు చీటీ రాసేవారు, అంతే. తక్కిన భారమంతా నాది.

మా ఇంట్లో ఈ మాట ఎత్తగానే అందరూ లేచి వేరే గదిలోకి వెళ్లిపోతారు కాబట్టి మీకు చెబుతున్నాను. కొంచెం సాగదీశాననుకోండి. నేను నడిపింది షాపుల్ని కాదు, ఏసీ గదిలో బీరువా అంత ఉండే ఒక డిస్కుల పెట్టెని. దాన్నీ నేనొక్కణ్ణే కాదు.

ఊరంతా ఐటీ ఐటీ అంటూ మాదాపూర్ వైపు పరిగెడుతున్న రోజులవి. మా కంపెనీ మాత్రం సికింద్రాబాద్‌లోనే, ఒక బట్టల షోరూం పై అంతస్తులో ఉండేది. నేను శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి నేరేడ్‌మెట్‌లో పాతుకుపోయినవాణ్ణి. నా పక్క కుర్చీ, ఆఫీసులో మేమంతా భాయ్ అని పిలిచే ఆయనది. ఆయనది జనగామ దగ్గర. వాళ్లింట్లో అందరూ వ్యాపారస్తులే, ఈయనొక్కడే దారి తప్పి కంప్యూటర్లలో పడ్డాడు. అన్నకి ఊళ్లో మందుల షాపు.

మా పెట్టెలో రకరకాల కంపెనీలు తమ డేటా దాచుకునేవి. దానికి రెండు పోర్టులు, అంటే లోపలికి రెండు దారులు. ఒకటి చెడితే పని దానంతటదే రెండోదాని మీదికి మళ్లాలి. దాన్నే ఫెయిలోవర్ అనేవాళ్లం. మళ్లడం ఒక ఎత్తు. రెండు దారుల జనం ఒకే దారిలో పడితే తొక్కిసలాటే కదా, అప్పుడు ఎవరిని ముందు వదలాలి, ఎవరిని పట్టి ఉంచాలి అన్నది ఇంకో ఎత్తు. అందుకే ఫలానా కంపెనీ పని ఇంతకు మించి పోకూడదని లిమిట్ పెట్టే వీలుంది. పెడితే ఆ కంపెనీవాడు ఫోన్ చేసి తిడతాడు. కాబట్టి పెట్టేవాళ్లం కాదు.

కొత్త కస్టమర్ వస్తే మాకో ఆనవాయితీ. ఒంటిగంటకి అందరూ భోజనాలకి లేచి పని పల్చబడ్డాక, ఆయన ఎదుట ఒక కేబుల్ లాగి చూపించడం. స్క్రీన్ కాస్త తడబడి కదులుతుంది, ఆయన నోరు తెరుస్తాడు, మేం టీ తెప్పిస్తాం.

అలా వచ్చినవాడే మందుల సేటు. సికింద్రాబాద్‌లోనూ జిల్లాల్లోనూ ఉన్న షాపులకి హోల్‌సేల్‌గా మందులు పంపే పెద్దాయన. భాయ్ వాళ్లన్నకి సరుకు వచ్చేది ఈయన దగ్గర్నుంచే. "మీ ఆర్డర్లు మా దగ్గర పెట్టండి సేట్, ఆగవు" అని మాటిచ్చింది భాయే. ఆగితే భాయ్ సేటు గుమ్మం మళ్లీ ఎక్కలేడు, అన్న ముందు తలెత్తలేడు. సేటు కొన్నాళ్లు ఆర్డర్లు మా పెట్టెలో నడిపి చూశాడు. ఉంచేదీ తీసేసేదీ కేబుల్ లాగినరోజే చెబుతానన్నాడు.

ఆ రోజు ఒంటిగంటకి అంతా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. సేటు రాలేదు. నాలుగింటికి వచ్చాడు, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. సరిగ్గా షాపులవాళ్లందరూ మర్నాటి సరుకు చెప్పే వేళ. ఇంకో కంపెనీవాడు తన డేటాకంతా నకలు తీసుకునే పెద్ద బ్యాకప్ కూడా అప్పుడే మొదలైంది.

"రేపు ఒంటిగంటకి పెట్టుకుందామా సేట్?" అన్నాను తియ్యగా.

"గిప్పుడేమైంది సాబ్? మిషన్ నిద్రపోతున్నదా?" అని, "ఏదీ, ఏ తీగ గుంజాలె?" అన్నాడు.

భాయ్ నారింజరంగు కేబుల్ ఒకటి చూపించాడు. సేటు తన చేత్తోనే లాగాడు.

పోర్టు మీద పచ్చలైటు ఆరిపోయింది. స్క్రీన్ మీద ఆర్డర్లు నిలిచిపోయాయి. సేటు కనురెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ పెదవులు చప్పుడు లేకుండా ఏదో చదువుకుంటున్నాయి. అప్పుడు నేను పులిలా కీబోర్డు మీదికి దూకి, ఆ బ్యాకప్‌ని మెడ పట్టుకుని లిమిట్ బిగించాను. మరుక్షణం ఆర్డర్లు గలగలా పారాయి.

సరే, దూకలేదు. కుర్చీలోంచి సగం లేచాను. లిమిట్ పెట్టే పేజీ తెరవబోయి పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. మళ్లీ కొట్టేలోగా ఆర్డర్లు వాటంతటవే కదిలాయి. భాయే పక్క మిషన్ నుంచి బిగించి ఉంటాడనుకున్నాను. అలా అనుకుంటూనే సేటు వైపు తిరిగి, "చూశారా!" అని కాలరు సర్దుకున్నాను.

సేటు ఇంకాసేపు స్క్రీన్ చూసి, "ఉండనీ" అన్నాడు. అంతే. సాయంత్రం భాయ్ వాళ్లన్నకి ఫోన్ చేస్తుంటే ఆ నవ్వు మెట్ల దాకా వినిపించింది. మా కంపెనీ ఉన్నన్నాళ్లూ సేటు ఆర్డర్లు మా దగ్గరే ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

భాయ్ ఇప్పుడు బొల్లారంలో ఉంటున్నాడు. మొన్న ఆదివారం ఇక్కడిదాకా రాసింది పట్టుకెళ్లి చదివి వినిపించాను. "ఆ బ్యాకప్‌కి లిమిట్ పెట్టిన ఘనత మాత్రం నీదేనోయ్" అని పెద్దమనసు కూడా చూపించాను.

"అన్నా, జెర ఆగు" అన్నాడు. "ఆ నిమిషంల నువ్వు పెట్టలే, నేను సుత పెట్టలే. పొద్దుగాలనే పెట్టిన. పోర్టు పోతే ఆర్డర్లు పంపే సర్వర్ కొంచెంసేపు ఎదురుచూసి, అప్పుడు రెండోదానికి మళ్లుతది. గందుకే ఆగింది. ఎవలూ ఏం చెయ్యలే."

"మరి ఆయన రద్దీ వేళకి వస్తాడని నీకెలా తెలుసు?"

"నేనే రమ్మన్న నాలుగింటికి. ఒంటిగంటకు ఎవలూ లేనప్పుడు చూపిచ్చి, రేపు రద్దీల ఆగిపోతే మా అన్నకు ఏం మొఖం చూపెట్టాలె? లిమిట్ సంగతి నీకు ముందే చెప్తే, బ్యాకప్‌వాడు తిడతడని నువ్వు తీసేద్దువు. గందుకే చెప్పలే."